వినపడని కూత

మా వంశంలో తీర్పు చెప్పే పని తాతతోనే అయిపోయిందని ఊళ్లో అనుకుంటారు. అది నిజం కాదు. మొన్నమొన్నటి వరకు నేను చెప్పాను. తాత దొరగా తన గడి వసారాలో కుర్చీ వేసుకొని చెప్పేవాడు, నేను సున్నం గీతల మధ్య నిలబడి చెప్పాను. అంతే తేడా.

నర్మెట్ట వైపు మాకు ఎంత భూమి ఉండేదో ఇక్కడ రాయను. పోయినదాన్ని కొలిచి చెప్పుకోవడం మా ఇంట్లో తప్పు. తాత కాలంలో కొంత పోయింది, మిగతాది నాన్న కాలంలో పోయింది. అడవిలోని అన్నల దగ్గర్నుంచి కబురు వచ్చిన రోజుల్లో మావాళ్లు సామాను సర్దుకొని జనగామకు వచ్చేశారు. గడి కప్పు కూలింది, తలుపులు ఎవరో కొనుక్కుపోయారు. నేను జనగామలోనే చదువుకొని, వ్యాయామ ఉపాధ్యాయుడినై, స్టేషన్‌కు దగ్గర్లో అద్దె ఇంట్లో ఉంటూ ఉద్యోగం ముగించాను. "గడోళ్ల బిడ్డ డ్రిల్లు సార్ అయిండట" అని నవ్వినవాళ్లు ఉన్నారు. వెనక నవ్వారు, ఎదురుగా ఎవరూ నవ్వలేదు. అది చాలనుకున్నాను.

కబడ్డీ రెఫరీ పరీక్ష రాసింది మాత్రం ఉద్యోగం కోసం కాదు. బయట నేను తహసీల్ కార్యాలయంలో బల్ల ముందు నిలబడి వంతు కోసం చూసేవాడిని కావచ్చు. గీతల లోపల మాత్రం సర్పంచ్ కొడుకైనా, ఎమ్మెల్యే తమ్ముడైనా నేను చెయ్యి చూపిన వైపు నడవాల్సిందే. ఒకసారి ఊదిన ఈలను నేను ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మైదానాల్లో నా గురించి చెప్పుకొనే మాట అదొక్కటే, ఆయన ఈల వెనక్కి రాదు అని. నాకు మిగిలిన ఆస్తి కూడా అదొక్కటే. అది పోయిన సంగతే ఇది.

కోచ్‌లతో ఎలా వేగాలో నాకు నేర్పింది మహబూబాబాద్‌లో రైల్వేలో పనిచేసే ఒక పెద్ద రెఫరీ. బక్కపలచని మనిషి, మాట తక్కువ. నా మొదటి టోర్నమెంటులో ఆయన రెఫరీ, నేను అంపైర్ని. బోనస్ గీత దగ్గర నేను పాయింటు ఇవ్వలేదని ఒక కోచ్ కుర్చీ తన్ని లేచాడు. నేను నేరుగా అతని కళ్లలోకి చూశాను. ఎవరైనా గొంతు పెంచితే కళ్లలోకి చూడడం మా ఇంటి అలవాటు. అతను ఇంకా రెచ్చిపోయాడు, ఆట చాలాసేపు ఆగింది. అయిపోయాక పెద్దాయన నన్ను వేపచెట్టు వెనక్కి తీసుకెళ్లాడు.

"మొఖం దిక్కు ఎందుకు చూస్తవ్? మొఖం చూస్తే లొల్లి పెరుగుతది. కాళ్ల దిక్కు చూడు."

"కాళ్లు చూస్తే భయపడ్డ అనుకోడా అన్నా?"

"అనుకోనీ. నోరు ఎంతసేపైనా ఒర్రనీ, నోటితోని ఆట ఆగదు. కాలు గీత దాటితే ఆగుతది. గీత దాటకుండ చూసుడే నీ పని. దాటితే కార్డు తియ్యి, ఇంటికి పంపు. నడుమల ఏం మాట్లాడకు."

ఆ రోజు నుంచి నేను కోచ్‌ల కాళ్లే చూశాను. చేతులు వెనక్కి కట్టుకొని, వెన్ను నిటారుగా పెట్టి, వాళ్ల బూట్ల కొనలు చూస్తూ నిలబడేవాడిని. తిట్టేవాడు తిట్టీ తిట్టీ ఊపిరి కోసం ఆగుతాడు. అప్పుడు "అయిందా?" అనేవాడిని. ఆ ఒక్క మాట తర్వాత ఆట మళ్లీ మొదలు. ఎన్నో బూట్లు చూశాను. అడుగు ఊడినవి, కొత్తవి, ఒక్కోసారి రబ్బరు చెప్పులు. గీత మీదికి వచ్చి వణికినవే ఎక్కువ. దాటినవి తక్కువ.

కోచ్ మాట రెఫరీ వినకూడదు, జట్టు కెప్టెన్ మాట మాత్రమే వినాలి. దీన్ని నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, మహబూబాబాద్‌లోనే ఒకసారి ఒక కోచ్ విసిగిపోయి తన కెప్టెన్ చెవిలో ఏదో చెప్పి పంపాడు. ఆ అబ్బాయి నా ముందుకొచ్చి, పాఠం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకున్నాడు.

"సార్, మా కోచ్ సార్ ఏమంటుండంటే... మీకు కండ్లద్దాలు కావాల్నట సార్."

"మీ సార్‌కు చెప్పు. అద్దాలు ఇంట్ల ఉన్నయి. గీత అవి లేకున్నా కనవడ్తది."

వాడు పరుగెత్తి వెళ్లి చెప్పాడు, మళ్లీ వచ్చాడు. "సార్, మా సార్ ఏమంటుండంటే... అద్దాలు ఇంట్ల పెట్టి వచ్చుడేంది అంటుండు సార్."

గ్రౌండంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నేను నవ్వలేదు. కెప్టెన్‌ను వెనక్కి పంపి ఈల ఊదాను. సాయంత్రం ఆ కోచ్ బస్టాండులో కనబడి, తనే వచ్చి నమస్తే పెట్టాడు. ఆ రోజుల్లో అలా ఉండేది. తిట్టేవాడికి కూడా ఆ తీర్పు మారదని తెలుసు. మారదని తెలిసిన చోట మనిషి కడుపులో ఉన్నది కక్కేసి ఇంటికి పోతాడు.

తిండి విషయంలో నాది ఇంకో పట్టింపు. టోర్నమెంటు పెట్టిన ఊరివాళ్ల చాయ్ కూడా తాగేవాడిని కాదు. నా భార్య కట్టిచ్చిన సద్ది నా సంచిలో ఉండేది. చెట్టు కిందో, బడి మెట్ల మీదో ఒక్కడినే కూర్చొని తినేవాడిని. దానికి కారణం గర్వం అనేవాళ్లు. గర్వమే, కాదనను. కానీ ఓడిన కోచ్ మొదట వెతికేది రెఫరీ పొద్దున ఎవరి దగ్గర తిన్నాడని. "వాళ్ల ఉప్మా తిన్నడు, వాళ్లకే ఊదిండు" అని ఒకాయనను ఏడాది పొడుగునా ఉప్మా సార్ అని పిలిచారు. ఆయన ఆ రోజు తిన్నది బన్ను అట. అది ఎవరికి కావాలి?

భూపాలపల్లి దారిలోని ఘనపూర్ నుంచి పిలుపు పత్తి తీతలు ఊపందుకున్న రోజుల్లో వచ్చింది. అక్కడి యువకులు ఆడపిల్లల జట్లతో పోటీలు పెట్టారు, ఫైనల్ రోజుకు నన్ను రెఫరీగా రమ్మన్నారు. జనగామలో బస్సెక్కి, హనుమకొండలో మారి, బొగ్గు లారీల వెనక నెమ్మదిగా పోతూ చేరాను. మా అమ్మ పుట్టినూరు అక్కడికి దగ్గరే. మా అమ్మ తండ్రికి ఆ చుట్టుపక్కల పేరుండేది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్లకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫైనల్ ఆడే జట్లలో ఒకటి ఘనపూర్‌దే. రెండోది మహబూబాబాద్ వైపు గురుకులం పిల్లలది, ఎక్కువమంది తండాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కోచ్‌ను చూడగానే గుర్తుపట్టాను. బడి రోజుల్లో నా ఈల కింద ఆడిన పిల్లే. ఇప్పుడు ముప్పై దాటిన మనిషి, కాంట్రాక్టు మీద వ్యాయామ ఉపాధ్యాయురాలు. దూరం నుంచే నమస్తే పెట్టింది, దగ్గరికి రాలేదు. ఆట ముందు రెఫరీ దగ్గరికి కోచ్ రాకూడదని ఆమెకు తెలుసు. నాకు సంతోషమనిపించింది.

మా వైపు ఏ సభ జరిగినా, ఏ పోటీ జరిగినా మైకు ముందు శాలువాలు కప్పకుండా మొదలు కాదు. అతిథికి, ఆయన వెంట వచ్చినవాడికి, మైకు సెట్టు ఇచ్చినవాడికి, అందరికీ కప్పుతారు. రెఫరీలకు కప్పడం కూడా ఈ మధ్య మొదలైంది. నేను ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టేవాడిని. ఆ రోజు మైకులో ఒక కుర్రాడు గొంతు పెంచి చెప్పాడు.

"మన రెఫరీ సార్ ఎవరనుకుంటున్నరు? మన పాత దొరవారి బిడ్డ కొడుకు! మనూరి మనుమడు!"

చప్పట్లు కొట్టారు. తెల్లబట్టల ముసలాయన ఒకరు శాలువా పట్టుకొని వచ్చారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన మైకుకు వినపడకుండా మెల్లగా అన్నారు.

"వద్దనకుండ్రి దొరా. మీ తాత మా నాయినకు ఇల్లు కట్టుకోనీకి జాగ ఇచ్చిండు. నాయిన పోయేదాంక యాది చేసిండు. గిది మీకు కాదు, ఆయనకు."

దొరా అనే పిలుపు నేను ఏళ్లుగా వినలేదు. విన్నా వెటకారంగా విన్నాను. ఆయన గొంతులో వెటకారం లేదు. నా చెయ్యి కిందికి దిగింది. చాయ్ వద్దనొచ్చు, ఉప్మా వద్దనొచ్చు, చనిపోయిన తాతకు ఒక మనిషి ఇస్తున్న మర్యాదను ఎలా వద్దంటారు? కప్పనిచ్చాను. ఫొటో తీసుకున్నారు. వెంటనే తీసి, మడిచి, స్కోరు రాసేవాళ్ల బల్ల మీద పెట్టి కోర్టులోకి వెళ్లాను. నా సంచి బడి మెట్ల మీద ఉంది. అంత దూరం పోయి పెట్టి వచ్చే సమయం లేదు.

ఆట మొదలవకముందే డప్పులవాళ్లను పిలిచి చెప్పాను. రైడరు అవతలి కోర్టులో ఉన్నంతసేపు డప్పు మోగకూడదని. కూత వినడానికి రెఫరీకి ఉన్నది చెవులే. రైడరు కబడ్డీ కబడ్డీ అని ఆపకుండా, వినపడేలా అంటూ వెళ్లి రావాలి. మధ్యలో ఆగితే రైడరు ఔట్, ముట్టుకున్నవాళ్లు ఔట్ కారు. కాలు గీత తొక్కిందా లేదా అంటే నేల మీద ముద్ర ఉంటుంది. కూతకు ముద్ర ఉండదు. అయిపోయిన మరుక్షణం అది రెఫరీ మాట తప్ప మరేమీ కాదు. అందుకే కోచ్‌లు అన్నిటికంటే ఎక్కువ దాని మీదే గొడవపడతారు.

డప్పులవాళ్లు మొదట మాట విన్నారు. రెండో సగంలో పాయింట్లు దగ్గరయ్యాక, ఆపమని చెయ్యెత్తితే ఆపుతూ, చెయ్యి దించగానే మొదలుపెడుతూ ఉన్నారు.

ఆఖరి రైడు గురుకులం జట్టు కెప్టెన్‌ది. సన్నటి పిల్ల, గొంతు కూడా సన్నం. ఒక్క పాయింటు వెనక ఉన్నారు. ఆ పిల్ల పాములా మూలకు జారి ఇద్దరిని ముట్టుకొని మధ్య గీత వైపు తిరిగింది. అప్పుడే ఊరంతా లేచింది. డప్పులూ లేచాయి. నేను ఆ పిల్ల పెదాల దిక్కు చెవి పెట్టాను. నాకేమీ వినపడలేదు. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. ఈల ఊదాను. కూత ఆగిందని చేత్తో చూపాను. ఘనపూర్ గెలిచింది.

ఆ పిల్ల మధ్య గీత అవతల మోకాళ్ల మీద ఉంది. లేచి నా ముందుకు వచ్చింది. కెప్టెనే కాబట్టి ఎవరూ నేర్పి పంపాల్సిన పని లేదు.

"సార్, నేను కూత ఆపలే."

"వినపడలేదు."

"నాది సన్న గొంతు సార్. ఆపలే సార్, ఒట్టు."

"వినపడేలా అనాలి. రూల్ అదే."

"డప్పులు కొడ్తున్నరు సార్..."

"అయిందా?" అన్నాను.

అయిందంది. ఏడవలేదు. వెనక్కి వెళ్లింది. అప్పుడు కోచ్ లేచి గీత దాకా వచ్చింది. నేను అలవాటుగా కాళ్లు చూశాను. ఎడమ బూటు పక్కన కుట్టు వేసి ఉంది. బూటు కొన గీతకు ఇవతలే ఆగింది, దాటలేదు, వణకలేదు.

"సార్, మీ కాడనే నేర్సుకున్న. ఎప్పుడన్న గీత దాటిన్నా?"

కోచ్‌తో మాట్లాడకూడదు.

"ఒక్కటి చెప్పుండ్రి సార్. ఆ పిల్ల ఆపిందా, మీకు ఇనరాలేదా?"

ఆ రెండింటికీ ఆటలో తేడా లేదు. వినపడని కూత కూత కాదు, పుస్తకంలో అలాగే ఉంది. ఆమెకూ తెలుసు. నేను కాళ్ల వైపే చూస్తూ నిలబడ్డాను. అంతలో గెలిచిన ఊరి కుర్రాళ్లు కోర్టులోకి దూకారు. వాళ్లలో ఒకడు గొంతు చించుకొని అరిచాడు.

"సార్‌కు ఇంకో శాలువా తేండ్రి రా!"

వాడు సరదాకే అన్నాడు. అందరూ నవ్వారు. ఆ కోచ్ తలెత్తి మొదటిసారి స్కోరు బల్ల మీద ఉన్న శాలువాను చూసింది. ఇక ఏమీ అనకుండా పిల్లలను లేపుకొని వెళ్లిపోయింది.

గురుకులం పిల్లల వెంట వచ్చినవాళ్లలో ఎవరో ఆ రైడును ఫోనులో తీశారు. మర్నాటికి అది అందరి ఫోనుల్లో ఉంది. నాకూ చూపించారు. నా చెవికి ఆనించుకొని మళ్లీ మళ్లీ విన్నాను. కూత ఉందా లేదా అన్నది అందులో తేలదు, డప్పులు తప్ప ఏమీ లేవు. కానీ రైడు మొత్తంలో పక్కన బల్ల, బల్ల మీద శాలువా స్పష్టంగా కనబడతాయి. ఆఖరున ఆ కుర్రాడి అరుపు మాత్రం డప్పులను దాటుకొని గంట కొట్టినట్టు వినపడుతుంది. ఫోను వినాల్సింది వినలేదు, అక్కర్లేనిది విన్నది. కింద ఎవరో రాశారు, దొరలు ఇంకా తీర్పులు చెప్తున్నరా అని. ఇంకెవరో శాలువా సార్ అన్నారు. ఆ పేరు నిలబడింది. చాయ్ కూడా ముట్టని నాకు, ఉప్మా సార్ పక్కన చోటు దొరికింది.

మా ప్రాంత కబడ్డీ సంఘంలో కార్యదర్శి ఒకప్పుడు నా విద్యార్థి. జనగామ మార్కెట్ దగ్గర విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతాడు. కబురు పెట్టాడు. వెళ్లాను. దుకాణం వెనక గదిలో యూరియా బస్తాల మధ్య కుర్చీ తుడిచి వేశాడు.

"కూసోండ్రి సార్. చాయ్ తాగుతరా... అద్దులే, మీరు తాగరు."

"చెప్పు."

"సార్, మీరు తప్పు చేసిన్రని నేనంటలేను."

"మరి?"

"ఆ ఆఖరి రైడు మల్ల ఆడిపిద్దాం. డప్పుల మోతల సరిగ్గ ఇనరాలే అని మీరు ఒక్క మాట అంటే అయిపాయె. గురుకులపోళ్లు ఖుష్. ఘనపూర్‌ను నేను చూస్కుంట."

"వినపడలేదని నేను అక్కడనే చెప్పిన. వినపడలేదు గనుకనే ఈల ఊదిన."

"గదే మాట జర మెల్లగ చెప్పుండ్రి సార్. గట్ల చెప్తేనే దొరతనం అంటరు."

"అయిపోయిన ఆటల రైడు మల్ల ఆడిపించుడు ఏ పుస్తకంల ఉంది?"

"పుస్తకంల లేదు సార్. వాట్సాప్‌ల ఉంది." తన మాటకు తనే నవ్వి, నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "నన్ను కూడ జర అర్థం చేసుకోండ్రి. పొద్దుగాల నుంచి ఫోన్లే ఫోన్లు. ఒక్కసారి ఎనక్కి తీసుకుంటే మీ ఇజ్జత్ పోదు సార్. మంచోడు అంటరు."

మంచివాడు అనిపించుకోవడానికి నేను ఈల పట్టుకోలేదు. ఆ శాలువా వల్ల నా చెవి మారలేదు. మారిందని ఒప్పుకున్నట్టే అవుతుంది ఇప్పుడు వెనక్కి తీసుకుంటే. తీసుకోకపోతే మారిందనే అనుకుంటారు. ఈ రెండిటి మధ్య నాకు మూడో దారి కనబడలేదు. కనబడని చోట మావాళ్లు ఎప్పుడూ చేసిన పనే చేశాను. లేచి నిలబడ్డాను.

"నా ఈల వెనక్కి రాదు."

"తెలుసు సార్," అన్నాడు వాడు, బస్తాల వైపు చూస్తూ. "అందరికీ తెలుసు."

ఆ తర్వాత టోర్నమెంట్లు జరుగుతూనే ఉన్నాయి. నాకు ఫోను రాలేదు. నన్ను తీసేశారని ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. ఈలను తాడు చుట్టి అలమారలో పెట్టాను. తాత వసారా ముందుకు జనం రావడం ఆగిన రోజు కూడా ఎవరూ వచ్చి చెప్పి ఉండరు. ఒక పొద్దున ఎవరూ రాలేదు, అంతే.

జనగామలో జిల్లాల జట్లకు పోటీలు జరిగే రోజు కార్యదర్శి స్వయంగా ఇంటికి వచ్చాడు. ఒక్క క్షణం నా కళ్లు ఈల ఉన్న అలమార వైపు పోయాయి.

"సార్, ఆత్మీయ అతిథిగా రావాలె. స్టేజీ మీద కుర్సీ ఏసినం."

వెళ్లకపోతే అలిగానంటారు. ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్లాను. మైకు ముందు శాలువా కప్పారు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇప్పుడు అడ్డం పెట్టడానికి కారణమేదీ లేదు. వెనక బెంచీల్లో ఎవరో "శాలువా సార్‌కు శాలువా!" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. వెన్ను నిటారుగా పెట్టుకొని కూర్చున్నాను.

రెఫరీ కొత్త కుర్రాడు. ఆటలో ఒక టచ్ మీద గొడవ వచ్చింది. కోచ్ ఒకడు గీత దాటి, అంపైర్‌ను దాటి, సరాసరి కోర్టు మధ్యకు వచ్చాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను. కార్డు తీస్తాడనుకున్నాను. రెఫరీ ఆ కోచ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏందన్నా, గింత గరమెందుకు? నీ ఫోన్‌ల ఉందా? చూద్దాం పా."

ఇద్దరూ ఫోను మీద తలలు వంచారు. అవతలి కోచ్ కూడా వచ్చి తన ఫోను తీశాడు. మూడు తలలు కలిశాయి. కాసేపటికి రెఫరీ నవ్వుతూ చెయ్యెత్తి, రైడు మళ్లీ ఆడమన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికీ కోపం లేదు. తీర్పు కూడా ఎవరికీ అందలేదు. పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి నా వైపు వంగి "మంచిగ సంభాళించిండు గదా సార్" అన్నాడు. నేను తల ఊపాను. నిజంగానే బాగా సంభాళించాడు. మహబూబాబాద్ పెద్దాయన నేర్పిన విద్యకు ఇక్కడ పని లేదని నాకు ఆ చప్పట్లతోనే తెలిసిపోయింది.

తర్వాత మహబూబాబాద్ ఆడపిల్లల జట్టు దిగింది. గురుకులం పిల్లలే ఎక్కువ, కోచ్ ఆమే. సన్న గొంతు పిల్ల కూడా ఉంది. ఈ ఆటలో బాగా ఆడితే రాష్ట్ర జట్టుకు పోతుందని మైకులో చెప్పారు. ఆ పిల్ల రైడుకు లేచింది. నేను అదిరిపడ్డాను. అది కూత కాదు, కేక. గొంతు నరాలు ఉబ్బేలా, స్టేజీ మీది గ్లాసులు అదిరేలా కబడ్డీ కబడ్డీ అని అరుస్తూ వెళ్లింది. గ్రౌండు ఆ చివరన ఐస్ బండి వాడికి కూడా వినపడి ఉంటుంది. ఒకప్పుడు పాములా జారిన పిల్ల, ఇప్పుడు ఊపిరంతా గొంతులో పోసింది. మూలలో ఇద్దరిని ముట్టుకుంది, తిరిగింది. మధ్య గీతకు అడుగు దూరంలో ఊపిరి అయిపోయింది. కూత ఎక్కడ తెగిందో నాకు రెఫరీ కంటే ముందే తెలిసింది. ఆ తర్వాత వాడి ఈల మోగింది.

ఈసారి గొడవ లేదు. ఎవరూ ఫోను తీయలేదు. అందరికీ వినపడింది. పిల్ల కోర్టు బయట కూర్చొని దగ్గుతూ ఉంది. రైడుకు మళ్లీ పంపారు. అప్పుడూ అంతే. ఆట ముగిసింది. రాష్ట్ర జట్టు పేర్లు చదివినప్పుడు ఆ పిల్ల పేరు లేదు.

అతిథులను చాయ్‌కు పిలిచారు. నేను మెట్లు దిగుతుంటే ఆ కోచ్ కోర్టు పక్కన ఖాళీ నీళ్ల సీసాలు ఏరుతూ కనబడింది. నన్ను చూసి నిలబడింది. మా మధ్య సున్నం గీత ఏమీ లేదు. అలవాటు కొద్దీ నా కళ్లు ఆమె బూట్ల మీదికి పోయాయి. కొత్త బూట్లు. ఈసారి తలెత్తి మొహం చూశాను.

"నమస్తే సార్."

"నమస్తే అమ్మా."

"గప్పటి సంది గట్లనే ఒర్రుతది సార్. మెల్లగ అను బిడ్డా, ఊపిరి దాసుకో అంటే ఇనది. సార్‌కు ఇనవడకపోతే ఎట్ల అంటది." సీసాలు సంచిలో వేసింది. "ఇయ్యాల ఇనవడ్డదా సార్?"

ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది, వెటకారం ముందు నిలబడే తీరు నాకు తెలుసు.

"వినపడ్డది," అన్నాను.

ఆమె తల ఊపి, సంచి మూతి ముడి వేసుకొని, బస్సు దగ్గర కూర్చున్న పిల్లల వైపు వెళ్లింది. సన్న గొంతు పిల్ల ఇంకా దగ్గుతూనే ఉంది. ఆ దగ్గు నాకు స్టేషన్ దారి మలుపు దాకా వినపడింది.